ఓడ రాని రోజు
ద్వీపంలో ఉద్యోగం, కాపురం: బయలుదేరే ముందు వేసుకోవలసిన లెక్క

ఉద్యోగం మీద నేను పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళింది 2013లో. భవన నిర్మాణంలో సైట్ ఇంజనీరుని. జంగ్లీఘాట్‌లో ఒక వాటా అద్దెకు తీసుకున్నాను. పక్క వాటాలో, ఎప్పుడో సిక్కోలు తీరం నుంచి వలసొచ్చి అక్కడే మనవల్ని ఎత్తిన ఒక పెద్దమ్మ ఉండేది.

నేను చేరిన రెండో నెలలో సముద్రం బాగోలేక సరుకు ఓడ ఆలస్యమైంది. అబర్దీన్ బజారులో ముందు ఉల్లిపాయల బుట్ట ఖాళీ అయింది, తర్వాత బంగాళాదుంపలది, ఆ తర్వాత కోడిగుడ్లది. మిగిలిన నాలుగు టమాటాలకి దుకాణదారు చెప్పిన ధర విని సంచీ మడిచి చంకలో పెట్టుకుని ఇంటికొచ్చేశాను. పెద్దమ్మ నా మొహం చూసి, లోపలికి పిలిచి తన వంటింటి అటక చూపించింది. కందిపప్పు డబ్బా, చింతపండు ముద్ద, ఎండుచేపలు, ఆవకాయ జాడీ, రెండు గుమ్మడికాయలు, నిండా నీళ్ళున్న మూడు డ్రమ్ములు.

"ఓడొచ్చినప్పుడు కొనుక్కోడం అందరికీ తెలుసు బాబూ. ఓడ రాన్రోజుకి దాసుకోవాల. అది తెలిసినోడే ఇక్కడ నిలబడతాడు" అంది, నా చేతిలో గుమ్మడికాయ ముక్క పెడుతూ.

నాలుగేళ్ళు అక్కడ పనిచేసి నేను నేర్చుకున్నదంతా ఆ మాటకి వివరణే. ఈ అధ్యాయమూ అంతే.

ద్వీపంలో ఉద్యోగం వచ్చిందని చెప్పగానే మన చుట్టూ రెండు గొంతులు లేస్తాయి. "అదృష్టవంతుడివి, రోజూ బీచే" అని ఒకటి. "కాలాపానీకి పోతానంటావేంట్రా" అని రెండోది. మొదటిది ఫొటోలు చూసి అనేమాట. రెండోది వందేళ్ళనాటి సెల్యులార్ జైలు భయం నుంచి వచ్చేమాట. రెండింటినీ పక్కన పెట్టండి. ద్వీపం మంచిదా, చెడ్డదా అని ఎంత ఆలోచించినా జవాబు దొరకదు. జవాబు దొరికే ప్రశ్న వేరే ఉంది: ఓడ రాని రోజుకి నా దగ్గర ఏముంది?

ముందు ఆ చోటు తెలుసుకుందాం

ద్వీపాలు ప్రపంచమంతా ఉన్నాయి. మనవాళ్ళకి అవి కొత్త కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో కోరంగి రేవు నుంచి ఓడలెక్కి మారిషస్ చేరిన తెలుగు కూలీలని అక్కడ ఆ రేవు పేరుతోనే కోరంగీలని పిలిచేవారు. అయినా నేను బతికి చూసిన అండమాన్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. తెలియని చోటి గురించి సలహా చెప్పడం తప్పు.

అండమాన్ నికోబార్ దీవుల మొత్తం విస్తీర్ణం 8,249 చదరపు కిలోమీటర్లు. అందులో ఎక్కువ భాగం అడవే. 2011 జనగణన నాటికి జనాభా దాదాపు 3 లక్షల 80 వేలు, అంటే మన ఒక మోస్తరు నగరమంత. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత ఎక్కువమంది మాట్లాడేది తెలుగే. ప్రతి వందమందిలో పదముగ్గురు తెలుగువాళ్ళు. ఉత్తరాంధ్ర నుంచి చేపల వేటకి, భవనాల పనికి వెళ్ళి స్థిరపడిన కుటుంబాలే ఎక్కువ. రాజధాని పోర్ట్‌బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మారింది. నేనున్నప్పటి పేరు అలవాటై ఇక్కడ పాత పేరే రాస్తున్నాను.

ఆ ఊరు చెన్నైకి, విశాఖకి సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉంది. చెన్నై నుంచి విమానమైతే రెండు గంటల పైచిలుకు. ఓడైతే దాదాపు మూడు రోజులు. అక్కడి వాళ్ళు మిగతా భారతదేశాన్ని 'మెయిన్‌ల్యాండ్' అంటారు. "మెయిన్‌ల్యాండ్ వెళ్తున్నా" అని ఎవరైనా అన్నారంటే పెళ్ళో, ఆసుపత్రో, చదువో, చావో ఏదో ఒక పెద్ద పనే అయి ఉంటుంది.

ద్వీపం ఇచ్చేవి

మొదటిది సమయం. నేనుండే ఇంటి నుంచి సైట్‌కి స్కూటర్ మీద పన్నెండు నిమిషాలు. హైదరాబాదులో రోజుకి మూడు గంటలు బస్సులో గడిపినవాణ్ణి. ఆ మూడు గంటలూ తిరిగి నా చేతికొచ్చాయి. వాటితో ఈత నేర్చుకున్నాను, హిందీ చదవడం రాయడం గట్టిపరుచుకున్నాను, వంట పట్టుపడింది.

రెండోది పనిలో ఎదుగుదల. చిన్న చోట మనుషులు తక్కువ కాబట్టి ఒక్కొక్కరి చేతికి నాలుగు పనులొస్తాయి. నా వయసువాడు నగరంలో అయితే ఒక పెద్ద ప్రాజెక్టులో ఒక మూల లెక్కలు చూసుకునేవాడు. అక్కడ నేను పునాది నుంచి శ్లాబు దాకా, సరుకు తెప్పించడం నుంచి కూలీల బత్తాల దాకా అన్నీ చూశాను. ఉపాధ్యాయులు, నర్సులు, డాక్టర్లు కూడా ఇదే మాట అనేవారు. రెండేళ్ళకే పదేళ్ళ ధైర్యం వస్తుంది. కేంద్ర ప్రభుత్వోద్యోగులకైతే జీతంతో పాటు ద్వీపాల ప్రత్యేక భత్యం కూడా ఉంటుంది. మారుమూల దీవికి వెళ్ళేకొద్దీ అది పెరుగుతుంది.

మూడోది ఇరుగుపొరుగు. మా వీధిలో బెంగాలీ, తమిళ, మలయాళీ, తెలుగు, రాంచీ ఆదివాసీ కుటుంబాలుండేవి. అందరినీ కలిపే భాష హిందీ. దుర్గాపూజకి మేమూ, సంక్రాంతికి వాళ్ళూ. అందరూ ఎక్కడి నుంచో వచ్చినవాళ్ళే కావడంతో "నీదేవూరు, నువ్వెవరివి" అన్న ఆరా కన్నా "ఏం కావాలి" అన్న పలకరింపే ముందొచ్చేది.

నాలుగోది ఒంటికి, కంటికి దొరికే హాయి. ఏడాదంతా ఇరవై మూడు, ముప్పై ఒకటి డిగ్రీల నడుమ తిరిగే వాతావరణం, పొగలేని గాలి, పొద్దున్నే జెట్టీ దగ్గర తాజా వంజరం, తూర చేప. కొనడానికి దుకాణాలు తక్కువ కాబట్టి అనవసరపు ఖర్చు దానంతటదే తగ్గిపోతుంది. నా మొదటి పొదుపు అక్కడే మొదలైంది.

ఇవన్నీ నిజాలే. అయితే ఈ నాలుగూ ఓడ సమయానికి వచ్చే రోజుల్లో అందేవి. ఓడ రాని రోజున ద్వీపం మన దగ్గర ఏముందో లెక్క అడుగుతుంది. ఆ లెక్కకి ఐదు నిల్వలు కావాలి.

మొదటి నిల్వ: నీరు, సరుకు

పోర్ట్‌బ్లెయిర్‌లో ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకి అటూ ఇటూగా వాన పడుతుంది. ఆంధ్రప్రదేశ్ సగటుకి ఇది మూడు రెట్లు. అయినా వేసవిలో కొళాయి నీళ్ళు రెండు మూడు రోజులకోసారి వదిలిన సందర్భాలు నేను చూశాను. ఇంత వానపడే చోట నీళ్ళ కరువేమిటని మొదట్లో ఆశ్చర్యపోయాను. తర్వాత అర్థమైంది. అక్కడ పెద్ద నదులు లేవు. కొండ మీద పడ్డ వాన చిన్న వాగుల్లోంచి గంటల్లో సముద్రంలో కలిసిపోతుంది. ఊరికి ప్రధాన ఆధారం ధనీఖరి ఆనకట్ట ఒక్కటే. వాన ఎంత పడిందన్నది కాదు, దాన్ని ఎంత ఆపగలిగామన్నదే అక్కడ లెక్క. డబ్బు విషయంలో, ఆరోగ్యం విషయంలో కూడా నేను ఈ సూత్రాన్నే పట్టుకున్నాను.

మాల్దీవుల రాజధాని మాలేలో 2014 డిసెంబరులో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కేంద్రంలో మంటలు లేచాయి. లక్షమందికి పైగా ఉన్న ఊళ్ళో కొళాయిలు ఎండిపోయాయి. మన వాయుసేన విమానాలు, నౌకలు తాగునీరు మోసుకెళ్ళాల్సి వచ్చింది. ఒక్క యంత్రం ఆగితే దాహం మొదలయ్యే చోట ఇంట్లో రెండు డ్రమ్ములు ఉండడం పిసినారితనం అనిపించుకోదు.

ఆచరణలో ఇలా చేయండి. అద్దెకు ఇల్లు చూసేటప్పుడు ముందు కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందా అని కాక, మిద్దె మీద ట్యాంకు ఎంత, వాననీళ్ళు పట్టే ఏర్పాటుందా అని అడగండి. పది రోజుల తాగునీరు, మూడు వారాల పప్పు ఉప్పు, అదనంగా ఒక గ్యాసు బండ ఎప్పుడూ ఉంచుకోండి. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పప్పులు, పిండి గాలి చొరబడని డబ్బాల్లోనే. సైట్‌లో నేను సిమెంటు బస్తాలని నేలకి, గోడకి తగలకుండా చెక్కల మీద పేర్పించి టార్పాలిన్ కప్పించేవాణ్ణి. ఒకసారి ఆ జాగ్రత్త తప్పినందుకు నలభై బస్తాలు గడ్డకట్టి రాళ్ళయ్యాయి. తర్వాతి ఓడ దాకా శ్లాబు ఆగింది. ఇంటికీ అదే నియమం. ఉప్పుగాలికి స్కూటరు చైను, ఫ్రిజ్ అడుగు, లాప్‌టాప్ కీలు అన్నీ తుప్పు పడతాయి. వస్తువుల మరమ్మతుకి నెలనెలా కొంత విడిగా తీసిపెట్టండి.

రెండో నిల్వ: డబ్బు

ద్వీపంలో జీవనాధారాలు కొన్నే ఉంటాయి. వాటిలో ఒకటి కూలితే ఊరంతా కుంగుతుంది. అండమాన్‌లో ఒకప్పుడు కలపే పెద్ద వ్యాపారం. చాథమ్ రంపపు మిల్లు 1883 నాటిది. 2002లో సుప్రీంకోర్టు అడవి నరకడం మీద గట్టి ఆంక్షలు పెట్టింది. అడవికి, అక్కడి ఆదివాసులకి అది మేలే చేసింది. కానీ ప్లైవుడ్ ఫ్యాక్టరీలు మూతపడి వాటిలో పనిచేసినవాళ్ళు కొత్త దారి వెతుక్కోవలసి వచ్చింది. ఆ తర్వాత పర్యాటకం పెరిగింది. 2020లో కోవిడ్ లాక్‌డౌన్ రాగానే హోటలు గదులు, టాక్సీలు, పడవలు అన్నీ ఒక్కసారే ఆగిపోయాయి.

కాబట్టి ద్వీపానికి వెళ్ళేవాళ్ళకి ఆరు నెలల ఖర్చు బ్యాంకులో ఉండాలి. దానికి తోడు ఇంట్లో ఒక్కొక్కరికి ఒక విమాన టిక్కెట్టు డబ్బు ముట్టుకోకుండా విడిగా ఉండాలి. ఆ డబ్బుని నెల ముందు బుక్ చేసుకునే ధరతో లెక్కవేయొద్దు. రేపు పొద్దున్నే వెళ్ళాలంటే ఎంతవుతుందో ఆ ధరతో వేయండి.

ఉద్యోగ ఒప్పందాన్ని కూడా ద్వీపం కళ్ళతోనే చదవండి. నేను పనిచేసిన సంస్థ ఏడాదికోసారి రానుపోను ఖర్చులు ఇస్తామని నోటిమాటగా చెప్పింది. మొదటి ఏడాది చివర అడిగితే కాగితంలో లేదన్నారు. తప్పు వాళ్ళదే అయినా పాఠం నాది. ప్రయాణ ఖర్చులు, సెలవులు, మెయిన్‌ల్యాండ్ ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వస్తే ఖర్చు ఎవరిది, పని మధ్యలో ఆగితే తిరుగు టిక్కెట్టు ఎవరిది అన్న నాలుగు విషయాలూ సంతకానికి ముందే రాతపూర్వకంగా ఉండాలి.

మూడో నిల్వ: దారి

2015లో ఒక సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు. నాన్నకి గుండెనొప్పి వచ్చిందన్నాడు. ఆ రోజుల్లో పోర్ట్‌బ్లెయిర్ నుంచి విమానాలన్నీ పగటిపూటే. ఆఖరిది వెళ్ళిపోయింది. రాత్రి పదకొండుకి మళ్ళీ ఫోనొచ్చింది. ఇక తొందరపడి చేసేదేమీ లేదని తమ్ముడి గొంతులోనే తెలిసిపోయింది. మర్నాడు చెన్నై, అక్కణ్ణుంచి విశాఖ, అక్కణ్ణుంచి కారు. టెక్కలి చేరేసరికి రాత్రి ఎనిమిదైంది. నా కోసం సాయంత్రం దాకా చూసి, ఇక ఉంచలేక కానిచ్చేశారు.

దీన్ని ద్వీపం మీద కోపంతో రాయడం లేదు. దూరంగా ఉద్యోగం చేసే ప్రతి మనిషికీ ఇలాంటి రాత్రి రావచ్చు. అమెరికాలో ఉన్నవాళ్ళకీ వస్తుంది. నేను చేసిన తప్పేమిటంటే, అటువంటి రోజు వస్తే ఏం చేయాలో ఇంట్లోవాళ్ళతో ముందుగా ఒక్కసారైనా మాట్లాడుకోకపోవడం. మాట్లాడుకుని ఉంటే నాకోసం ఎదురుచూడొద్దని నేనే చెప్పేవాణ్ణి. లేదా అంతకుముందు నెలలో నాన్న ఆయాసపడుతున్నాడని తెలిసినప్పుడే ఒకసారి వెళ్ళొచ్చేవాణ్ణి. అమ్మ ఆ సాయంత్రమంతా గుమ్మంవైపు చూస్తూ కూర్చోవలసి వచ్చేది కాదు.

కాబట్టి బయలుదేరే ముందు అమ్మానాన్నల ఎదురుగా కూర్చుని మాట్లాడండి. అశుభం మాట్లాడుతున్నావని కసురుకుంటారు. అయినా మాట్లాడండి. అత్యవసరమైతే ఎవరు ఆసుపత్రికి తీసుకెళ్తారు, డబ్బు ఎక్కడుంటుంది, మీరు వచ్చేదాకా ఎవరు నిర్ణయాలు తీసుకుంటారు అన్నది తేల్చుకోండి.

మీ ఆరోగ్యం లెక్క కూడా ఇక్కడే. పోర్ట్‌బ్లెయిర్‌లో జి.బి.పంత్ ఆసుపత్రి ఉంది, 2015లో వైద్య కళాశాల కూడా వచ్చింది. అయినా పెద్ద గుండె జబ్బులకి, క్యాన్సర్ చికిత్సకి చాలామంది చెన్నై, కోల్‌కతా దారి పడతారు. చిన్న దీవుల నుంచి రోగిని పోర్ట్‌బ్లెయిర్ చేర్చడానికే హెలికాప్టరో, ఓడో కావాలి. గాలివాన ఉంటే రెండూ ఆగుతాయి. డయాలసిస్, నిండు గర్భం, తరచూ వచ్చే మూర్ఛ వంటివి ఇంట్లో ఎవరికైనా ఉంటే మారుమూల దీవి పోస్టింగు ఒప్పుకోకండి. రోజూ వేసుకునే మందులు రెండు నెలలకి సరిపడా దగ్గర ఉంచుకోండి. పళ్ళు, కళ్ళు బయలుదేరే ముందే చూపించుకోండి.

నాలుగో నిల్వ: మనుషులు, మనసు

మన దేశ గడియారం 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. అది మన కాకినాడకి దగ్గర్లోంచే పోతుంది. పోర్ట్‌బ్లెయిర్ దానికి పది డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడు అక్కడ నలభై నిమిషాలు ముందుంటాడు. మే నెలలో ఉదయం ఐదింటికే తెల్లారిపోతుంది. నవంబరు చివర్లో సాయంత్రం ఐదు కాకముందే పొద్దు గుంకుతుంది.

వినడానికి చిన్న విషయంలా ఉంది కదూ. పని ముగించుకుని బయటికి రాగానే చీకటి. సినిమాకో షికారుకో వెళ్దామంటే నాలుగు చోట్లే. ఆ నాలుగూ రెండు నెలల్లో అయిపోతాయి. నాతో వచ్చిన కుర్రాళ్ళలో మూడో నెలలో ఒక బెంగ కనిపించేది. నిద్ర సరిగ్గా పట్టదు, చిన్న మాటకే కోపం, ఊరికే ఇంటికి ఫోన్లు. కొందరు సాయంత్రాలని తాగుడుతో నింపుకున్నారు. నిలబడ్డవాళ్ళు మాత్రం సూర్యుడి వేళకే మారిపోయారు. నాలుగున్నరకి లేవడం, పనికి ముందే ఈతో, నడకో, చదువో ముగించడం, తొమ్మిదికల్లా పడుకోవడం. మీరూ చేరిన మొదటి వారంలోనే ఇది మొదలుపెట్టండి. బెంగ వచ్చాక మొదలుపెట్టడం కష్టం.

ఉద్యోగం మీది, ప్రయాణం మీ ఇద్దరిదీ అయితే భార్య లేదా భర్త సంగతి మీకన్నా ముందు ఆలోచించండి. మీకు సైటుంది, తోటివాళ్ళున్నారు. రోజంతా ఇంట్లో ఉండిపోయే మనిషికి ఏముంది? వాళ్ళకి చేతినిండా పని లేని కాపురం ఏ దీవిలోనూ నిలబడలేదు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ వచ్చాక ఇంటర్నెట్ మెరుగైంది. నేనున్నప్పుడు ఒక ఫొటో పంపడానికి పావుగంట పట్టేది. ఇప్పుడు ఇంటి నుంచి పనిచేయడం కుదురుతుంది. అయినా కంపెనీతో ముందే మాట్లాడి, వారం రోజులు అక్కడుండి పరీక్షించాకే నమ్మండి.

ఇక మనుషులు. చిన్న ఊళ్ళో ఒకరితో చెడితే ఆ మనిషి రోజూ బజారులో, గుళ్ళో, జెట్టీలో ఎదురవుతూనే ఉంటాడు. తప్పించుకోవడానికి వేరే వీధి లేదు. కాబట్టి అప్పు త్వరగా తీర్చండి, మాట ఆలస్యంగా విసరండి. మన తెలుగువాళ్ళు కనిపించగానే ప్రాణం లేచొస్తుంది, నిజమే. కానీ వాళ్ళతోనే ఆగిపోకండి. నాకు జ్వరమొచ్చిన రాత్రి ఆసుపత్రికి తీసుకెళ్ళింది బెంగాలీ టాక్సీ దాదా. నాన్న పోయిన మర్నాడు విమానం టిక్కెట్టు సంపాదించిపెట్టింది తమిళ మేస్త్రి.

ఐదో నిల్వ: ఎరుక

ద్వీపం మనకోసం ఖాళీగా ఎదురుచూడలేదు. మనకంటే వేల ఏళ్ళ ముందు నుంచీ అక్కడ మనుషులున్నారు. జరవాలు, ఓంగీలు, సెంటినలీలు, గ్రేట్ అండమానీలు, నికోబారీలు, షొంపెన్లు. 1858లో బ్రిటిష్‌వాళ్ళు ఖైదీల వలస పెట్టాక బయటినుంచి వచ్చిన జబ్బులకి, ఘర్షణలకి వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీలు పదుల్లోకి పడిపోయారు. అందుకే 1956 నుంచి ఈ తెగల రక్షణకి ప్రత్యేక చట్టం ఉంది. జరవాల అడవిలోంచి పోయే ట్రంక్ రోడ్డు మీద వాహనాలు గుంపుగానే వెళ్ళాలి. ఆగకూడదు, ఫొటో తీయకూడదు, ఏమీ ఇవ్వకూడదు. నికోబార్ దీవులకి వెళ్ళాలంటే మన పౌరులకైనా ముందస్తు అనుమతి కావాలి. పగడాలు ఏరుకురావడం నేరం. ఈ నియమాలని అడ్డంకులుగా కాక, పెద్దింటికి వెళ్ళినప్పుడు పాటించే మర్యాదగా చూడండి.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. కార్ నికోబార్ తీరంలో ఊళ్ళకి ఊళ్ళే కొట్టుకుపోయాయి. దేశపు దక్షిణ కొస ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకి పైగా కుంగిపోయింది. లిటిల్ అండమాన్‌లోని ఓంగీలు మాత్రం భూమి కదలడం, సముద్రం వెనక్కి తగ్గడం గమనించి ఎత్తు ప్రాంతానికి వెళ్ళిపోయి బతికారు. తరతరాల జ్ఞాపకమే వాళ్ళ నిల్వ. మనకి ఆ జ్ఞాపకం లేదు కాబట్టి నేర్చుకోవాలి. బలంగా భూమి కంపిస్తే సైరన్ కోసం చూడకుండా మెరకకి చేరాలి. ఇంటి నుంచి ఎత్తు ప్రదేశానికి నడక దారి పిల్లలతో సహా అందరికీ తెలియాలి. వాగులు, మడ అడవుల దగ్గర మొసళ్ళుంటాయి. అక్కడ పెట్టిన హెచ్చరిక బోర్డుని అలంకారం అనుకోవద్దు. 2016 డిసెంబరులో గాలివానకి హావ్‌లాక్ దీవిలో వెయ్యిమందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోతే నేవీ వెళ్ళి తీసుకురావలసి వచ్చింది. అదే వారం మా పెద్దమ్మ ఇంట్లో దీపం వెలుగుతూనే ఉంది, పప్పు ఉడుకుతూనే ఉంది.

ఎవరు వెళ్ళొచ్చు, ఎవరు ఆగాలి

అప్పుల వాళ్ళనుంచో, ఇంట్లో గొడవలనుంచో, మనసు విరిగిన బాధనుంచో తప్పించుకోవడానికి ద్వీపానికి వెళ్ళకండి. వెంట వచ్చేవి మీతోపాటే ఓడెక్కుతాయి. అక్కడ వాటిని మరిచిపోవడానికి జనసందోహం కూడా ఉండదు.

అమ్మానాన్నలకి మీరొక్కరే దిక్కయి, వాళ్ళ ఆరోగ్యం బాగోకపోతే ఆగండి. పిల్లలు ఇంటర్, డిగ్రీ చదువుల అంచున ఉంటే ఆగండి. పై చదువులకి అక్కడి పిల్లలే ఎక్కువగా మెయిన్‌ల్యాండ్ వస్తారు.

చేతిలో పనితనం ఉండి అనుభవం కోసం చూస్తున్నవాళ్ళు, పిల్లలు బడిలో చిన్న తరగతుల్లో ఉన్నవాళ్ళు, తక్కువ వస్తువులతో బతకగలిగినవాళ్ళు, ఒంటరిగా ఒక గంట కూర్చోగలిగినవాళ్ళు ధైర్యంగా వెళ్ళండి. కాకపోతే గడువు పెట్టుకుని వెళ్ళండి. "చూద్దాం" అని వెళ్ళినవాళ్ళు పదేళ్ళు పోయాక అటూ ఇటూ కాకుండా మిగలడం చూశాను. రెండేళ్ళో, నాలుగేళ్ళో ముందే రాసుకోండి. ఆ తేదీన మళ్ళీ కూర్చుని లెక్క చూసుకోండి.

వీలైతే ఒప్పుకునే ముందు ఒకసారి వెళ్ళి రండి. అందరూ వెళ్ళే జనవరిలో కాదు, జూలైలో వెళ్ళండి. వానలో, ఫెర్రీ రద్దయిన రోజున, కరెంటు పోయిన సాయంత్రం ఆ ఊరు మీకు ఎలా అనిపించిందో అదే సరైన జవాబు.

ఈ వారం చేయవలసిన అభ్యాసం

ఒక తెల్లకాగితం తీసుకుని ఐదు గడులు గీయండి: సరుకు, డబ్బు, దారి, మనుషులు, ఎరుక. ప్రతి గడిలో రెండు వాక్యాలు రాయండి. ఇవాళ నా దగ్గర ఏముంది? ఇరవై రోజులు ఓడ రాకపోతే ఏది ముందు అయిపోతుంది?

తర్వాత మీరున్న చోటే వారం రోజులు ద్వీపంలో ఉన్నట్టు బతికి చూడండి. ఆదివారం ఒక్కసారే సరుకులు కొనండి, మళ్ళీ ఆదివారం దాకా దుకాణానికి వెళ్ళొద్దు. ఆన్‌లైన్ ఆర్డర్లు వద్దు. రోజుకి రెండు డ్రమ్ముల నీళ్ళతో ఇల్లు గడపండి. ఉదయం నాలుగున్నరకి లేవండి. సాయంత్రం ఐదు తర్వాత ఇంట్లోనే ఉండండి. ఎనిమిదో రోజున ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి అడగండి: ఏది కష్టమైంది, ఏది హాయిగా ఉంది? ఆ జవాబుల ముందు ఎవరి సలహా అక్కర్లేదు, నాది కూడా.

ఐదు గడుల్లో మూడు నిండితే ప్రయాణం గురించి ఆలోచించవచ్చు. దారి అన్న గడి ఖాళీగా ఉంటే మాత్రం, మిగతా నాలుగూ నిండినా ఆగండి.

నేను 2017లో తిరిగొచ్చేశాను. వచ్చేముందు రోజు పెద్దమ్మకి చెప్పడానికి వెళ్తే, ఒక చిన్న జాడీలో ఆవకాయ పెట్టి మూత మీద గుడ్డ కట్టి ఇచ్చింది.

"నేను వెళ్ళేది విశాఖకే పెద్దమ్మా, అక్కడ దొరకనిదేముంది" అన్నాను.

"దొరికే సోటే కద బాబూ దాసుకోడం మరిసిపోతారు" అంది.

ఆ జాడీ ఇప్పటికీ మా అటక మీద ఉంది. ఏటా వేసవిలో దాన్ని నింపుతాం. అమ్మకి ఆరోగ్యం ఎలా ఉందో, అత్యవసరమైతే ఎవరు ఏం చేయాలో అన్నదమ్ములం కూర్చుని మాట్లాడుకునేదీ ఆ రోజే.